పేర్చిన ఇంటర్‌ఫేసులు, వాటిని సరిదిద్దే పద్ధతి

అంతర్వేదికి పొరుగున, సఖినేటిపల్లి మండలంలోనే ఉన్న మోరి గ్రామంలో 2016 డిసెంబరు 29న ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సేవలు మొదలయ్యాయి. జీడిపప్పు పరిశ్రమకు పేరుపడ్డ ఆ ఊరి ఇళ్ళకు కరెంటు స్తంభాల మీదుగా ఆప్టికల్ ఫైబర్ లాగి, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇంటర్నెట్, టీవీ, టెలిఫోన్ మూడూ అందించాలన్నది ఆ పథకం. ఒకే తీగ మీద వచ్చే మూడు సేవలు కలగాపులగం కాకూడదంటే వాటిని వేరుచేసే ఏర్పాటు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఇటువంటి నెట్‌వర్కులలో ఆ పని సాధారణంగా తీగ కొసన ఉండే పెట్టెలోని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అలాంటి పెట్టెలలో అధికభాగం లినక్స్ కెర్నల్ మీద నడుస్తాయి. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌తో నేరుగా వ్యవహరించే మూలభాగం.

ప్యాకెట్లు, అనగా ముక్కలుగా విడగొట్టిన సమాచారం, రాకపోకలు సాగించే ద్వారాన్ని కెర్నల్ పరిభాషలో ఇంటర్‌ఫేస్ అంటారు. వీటిలో కొన్నింటికి వెనుక నిజమైన కార్డు, కేబుల్ ఉంటాయి, మరికొన్ని సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే ఉండి, తమ కింద ఉన్న మరో ఇంటర్‌ఫేసు ద్వారా పని జరిపించుకుంటాయి. 1998లో ప్రమాణంగా వెలువడిన 802.1క్యూ పద్ధతిలో ప్రతి ప్యాకెట్‌కూ 4 బైట్ల గుర్తు తగిలించి, ఒకే తీగను అనేక నెట్‌వర్కులుగా విభజించే వీల్యాన్ ఇటువంటిదే. రెండు కార్డులను జతకట్టి ఒకటిగా చూపే బాండింగ్, అనేక ద్వారాలను కలిపే బ్రిడ్జ్, ఇంటి కనెక్షన్లలో లాగిన్ కోసం వాడే పీపీపీఓఈ కూడా ఈ కోవలోవే. బాండింగ్ మీద వీల్యాన్, దాని మీద బ్రిడ్జ్ పేర్చవచ్చు. పై పొరకు తన కింద ఉన్నది నిజమైన కార్డో, ఇంకొక పొరో తెలియనక్కరలేదు. ఈ నిర్మాణపు సౌందర్యమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది, దోషాలకు మూలమూ అదే.

ఒక ప్యాకెట్‌లో ఎన్ని బైట్లు పట్టాలన్న పరిమితి, కింది తీగ ఊడిందన్న వార్త, ఏ చిరునామాలకు వచ్చిన ప్యాకెట్లను స్వీకరించాలన్న జాబితా వంటివి ఒక పొరలోనే ఉండిపోతే చాలవు, అన్ని పొరలకూ చేరాలి. ఈథర్‌నెట్ మామూలు పరిమితి 1500 బైట్లు కాగా పీపీపీఓఈ అందులో 8 బైట్లు తీసుకుంటుంది కనుక పైన 1492 మాత్రమే మిగులుతాయి. ఈ సంగతి పై పొరకు అందకపోతే చిన్న ప్యాకెట్లన్నీ సాఫీగా వెళ్తాయి, అవతలి యంత్రం అందుబాటులో ఉందో లేదో చూసే పింగ్‌కూ జవాబు వస్తుంది, అయినా కొన్ని వెబ్‌సైట్లు మాత్రం ఎంతకీ తెరుచుకోవు. సగం పనిచేసే ఇలాంటి లోపాన్ని పట్టుకోవడం పూర్తిగా ఆగిపోయిన దానిని పట్టుకోవడం కంటే కష్టం.

ఇంతకంటే తీవ్రమైన దోషం 2019 వరకు లినక్స్‌లో ఉండేది. వీల్యాన్ మీద వీల్యాన్ చొప్పున ఎన్ని పేర్చినా కెర్నల్ అడ్డుచెప్పేది కాదు. కింది పొరలో మార్పు వచ్చినప్పుడు ఒక ఫంక్షన్, అంటే ప్రోగ్రాములో ఒక నిర్ణీత పని చేసే భాగం, తన పని ముగియకుండానే తననే మళ్ళీ పిలుచుకుంటూ పొర తరువాత పొరకు వెళ్ళేది. ఆఫీసులో ఒక గుమాస్తా తన ఫైలు తెరిచి ఉంచుకుని పక్క గుమాస్తా జవాబు కోసం కూర్చుంటే, అతను మరొకరి కోసం కూర్చున్నట్టు, ప్రతి పిలుపూ కొంత మెమరీని పట్టుకుని ఎదురుచూస్తుంది. ఆ మెమరీని కెర్నల్ స్టాక్ అంటారు. సాధారణ 64 బిట్ పీసీలలో అది 2014 నుంచి 16 కిలోబైట్లు మాత్రమే, అవసరాన్ని బట్టి పెరగదు కూడా. పొరలు కొన్ని పదులు దాటితే స్టాక్ పొంగి యంత్రమే కూలిపోయేది.

సరిదిద్దడానికి ఎవరికైనా ముందుగా తోచేది స్టాక్ పొంగిన ఫంక్షన్‌లో ఒక అడ్డుకట్ట వేయడం. ప్యాకెట్లు పంపే మార్గంలో అలాంటిది అంతకుముందే ఉంది: ఒకే ప్యాకెట్ పొరల మధ్య హద్దు మించి తిరిగితే కెర్నల్ దానిని పారవేసి, వర్చువల్ ఇంటర్‌ఫేసులో అంతులేని వలయం ఏర్పడిందని, తక్షణం సరిచేయమని లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది. కానీ స్టాక్ పొంగగల ఫంక్షన్లు అనేకం, వాటన్నింటికీ మూలం ఒకటే: ఎన్ని పొరలున్నాయన్నది ఏ ఒక్కచోటా నమోదు కాకపోవడం. 2019 నవంబరులో విడుదలైన లినక్స్ 5.4లో చేరిన సవరణ ఈ మూలాన్నే పట్టుకుంది. ప్రతి ఇంటర్‌ఫేసూ తన పైన, తన కింద ఎన్ని పొరలున్నాయో అంకెగా దాచుకుంటుంది. రెండు ఇంటర్‌ఫేసులను జోడించే క్షణంలోనే కెర్నల్ లోతు 8 దాటుతుందేమో చూసి, దాటితే ఆ జోడింపునే నిరాకరిస్తుంది. పొరలను చుట్టివచ్చే ఫంక్షన్లను కూడా తమను తాము పిలుచుకోకుండా, ఒక చిన్న పట్టికలో దారి గుర్తుపెట్టుకుంటూ నడిచేలా తిరగరాశారు. లోతుకు హద్దు తెలిసింది కనుకనే ఆ పట్టిక పరిమాణాన్ని ముందే నిర్ణయించడం సాధ్యమైంది.

అదే సవరణల వరుసలో లాకుల సంగతి కూడా ఉంది. రెండు పనులు ఒకే సమాచారాన్ని ఏకకాలంలో మార్చకుండా కాపాడేది లాక్. పరస్పరం ఎదుటివారి లాక్ కోసం రెండు పనులూ ఎదురుచూస్తే రెండూ శాశ్వతంగా నిలిచిపోతాయి. ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టే లాక్‌డెప్ అనే సాధనం 2006 నుంచి కెర్నల్‌లో ఉంది. అది లాకులను తరగతులుగా చూస్తుంది కనుక, వీల్యాన్ మీద వీల్యాన్ ఉన్నప్పుడు రెండు వేర్వేరు లాకులను ఒకటిగా భ్రమించి తప్పుడు హెచ్చరిక ఇవ్వగలదు. మొదటి హెచ్చరికతోనే లాక్‌డెప్ తన పరిశీలన ఆపివేస్తుంది కాబట్టి, ఆ తరువాత నిజమైన దోషం వచ్చినా ఎవరికీ కనిపించదు. అందుకు 2019లో ఒక్కో ఇంటర్‌ఫేసుకు ఒక్కో ప్రత్యేక తరగతి ఇచ్చారు. ఇంటర్‌ఫేసులు పుడుతూ, స్థానాలు మారుతూ ఉండే వ్యవస్థలో ఆ ఏర్పాటు కొత్త చిక్కులు తెచ్చినందున 2020లో దానిని పాక్షికంగా వెనక్కు తీసుకుని, లోతు కోసం అప్పటికే దాచుకున్న అంకెతోనే లాకులను వేరుచేశారు. ఒక సమస్యకు సేకరించిన సమాచారం రెండో సమస్యకూ సరిపోయిందంటే, అది సరైన చోట నమోదైందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

కెర్నల్ అభివృద్ధి సంప్రదాయంలో సవరణకు ఎంత విలువ ఉందో, దానితో పాటు రాసే వివరణకూ అంత విలువ ఉంది. దోషాన్ని ఎవరైనా తమ యంత్రం మీద రప్పించి చూడగలిగేలా కొద్ది పంక్తుల స్క్రిప్ట్ ఇస్తారు, ఏ పాత మార్పు వల్ల దోషం పుట్టిందో దాని గుర్తింపు సంఖ్యతో సహా పేర్కొంటారు. ఆ మార్పును వెతకడానికి గిట్ బైసెక్ట్ అనే పద్ధతి ఉంది: మంచి వెర్షన్‌కూ చెడ్డ వెర్షన్‌కూ నడుమ ఉన్న మార్పులను ప్రతిసారీ సగానికి కోస్తూ పరీక్షిస్తే, పదివేల మార్పులలో దోషి 14 పరీక్షలకు దొరుకుతుంది. పాత వెర్షన్లను నిర్వహించేవారు ఆ గుర్తింపు సంఖ్యను చూసే సవరణను తమ వెర్షన్లలోనూ చేరుస్తారు. అయితే సవరణ కెర్నల్‌లో చేరినంత మాత్రాన ఇంటి గోడకు బిగించిన పెట్టెకు చేరినట్టు కాదు. దాని తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్‌ను, అంటే పెట్టెలో ఉండే సాఫ్ట్‌వేర్‌ను, విడుదల చేయాలి, సేవ అందించే సంస్థ దానిని పంపాలి. ఈ రెండు మెట్లలో ఏది తప్పినా, ఎన్నడో సరిదిద్దిన దోషం ఆ ఇంట్లో ఇంకా బతికే ఉంటుంది.