'ఓకే' అన్న స్క్రిప్టును నమ్మొచ్చా?

స్క్రిప్టు 'ఎర్రర్' అని మొరాయిస్తే అడ్మిన్‌కు సగం పని తప్పినట్టే. చిక్కంతా 'ఓకే' అన్నప్పుడే. సర్వీసును స్టార్ట్ చేయమంటే క్షణంలో 'ఓకే' వస్తుంది, పోర్టు దగ్గర మాత్రం పలికే దిక్కుండదు. మళ్లీ స్టార్ట్ కొడితే 'ఇప్పటికే నడుస్తోంది' అంటుంది.

ఈ తిరకాసు పాత యూనిక్స్ పద్ధతిలోనే ఉంది. సిస్టమ్ ఫైవ్ సంప్రదాయంలో ఒక్కో సర్వీసుకూ ఒక షెల్ స్క్రిప్టు ఉంటుంది. సర్వీసు ప్రోగ్రామ్ (డెమన్) తెర వెనక్కి వెళ్లాక దాని ప్రాసెస్ నంబరు ఓ చిన్న ఫైలుకెక్కుతుంది. అదే పీఐడీ ఫైలు. డెమన్ పద్ధతిగా ఆగితే ఆ ఫైలు కూడా పోతుంది. మెమరీ చాలక కెర్నల్ చంపేసినా, ఎవరైనా 9వ నంబరు సిగ్నల్ ప్రయోగించినా డెమన్‌కు ఆ ఫైలును తుడిచే వ్యవధి దొరకదు. హాజరుపట్టీలో సంతకం ఉంటుంది, సీట్లో మనిషి ఉండడు. ఫైలు ఉందా లేదా అని మాత్రమే చూసే స్క్రిప్టు అక్కడే బోల్తా పడుతుంది.

కాస్త తెలివైన స్క్రిప్టు ఆ నంబరుకు సున్నా సిగ్నల్ పంపుతుంది. దానివల్ల ప్రాసెస్‌కు ఏమీ కాదు, ఉందో లేదో తెలుస్తుందంతే. అదీ పూర్తి భరోసా కాదు. లినక్స్‌లో ప్రాసెస్ నంబర్ల డీఫాల్టు పరిమితి చాలాకాలం 32768. అది దాటితే లెక్క మళ్లీ కిందినుంచి మొదలవుతుంది. పాత నంబరు మరో ప్రోగ్రామ్‌కు దక్కిందనుకోండి, 'స్టాప్' అన్న ఒక్క మాటతో సంబంధం లేని ప్రాసెస్ బలైపోవచ్చు. అందుకే అనుభవజ్ఞులు నంబరుతోపాటు ప్రోగ్రామ్ పేరూ సరిచూస్తారు.

చేత్తో నడిపితే నడుస్తుంది, బూట్‌లో నడవదు: ఇది ఇంకో పాత ఫిర్యాదు. లాగిన్ అయిన మనిషికి ప్రొఫైల్ ఫైలు పాత్‌నూ జావా హోమ్‌నూ అమర్చి పెడుతుంది. బూట్ సమయంలో ఆ సౌకర్యం ఉండదు. ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో స్క్రిప్టును నడిపి చూస్తే గుట్టు బయటపడుతుంది. షెల్‌కు 'ఎక్స్' ఆప్షన్ ఇస్తే ఏ కమాండ్ దగ్గర దారి తప్పిందో కళ్లకు కడుతుంది. రూట్‌గా ఒకసారి చేత్తో నడిపినందుకే లాగ్ ఫైలు రూట్ సొంతమై, తర్వాత సర్వీస్ యూజర్ అందులో రాయలేక చతికిలబడటమూ మామూలే.

'స్టేటస్' అడిగితే స్క్రిప్టు ఇవ్వాల్సిన కోడ్‌లకు ఎల్ఎస్‌బీ (లినక్స్ స్టాండర్డ్ బేస్) ప్రమాణం తేడాలు చెప్పింది: 0 అంటే నడుస్తోంది, 1 అంటే చచ్చింది కానీ పీఐడీ ఫైలు మిగిలింది, 3 అంటే ఆగి ఉంది. అయితే స్క్రిప్టు తిరిగిచ్చే కోడ్‌ను వేరే చెప్పకపోతే చివరి కమాండ్‌దే లెక్క. ఆ చివరి కమాండ్ 'ఎకో' అయితే, లోపల ఏం కూలినా బయటికొచ్చేది 0. మానిటరింగ్ టూల్ దాన్నే నమ్మి పచ్చ లైటు వెలిగిస్తుంది.

ఈ స్క్రిప్టుల పద్ధతికి బదులుగా 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన సిస్టమ్‌డీ 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7లోకి, 2015లో డెబియన్ 8లోకి వచ్చింది. అది సర్వీసు పిల్ల ప్రాసెస్‌లన్నిటినీ 'సీగ్రూప్' అనే కెర్నల్ గుంపులో ఉంచి స్వయంగా కనిపెడుతుంది. అయినా పాత స్క్రిప్టును దాని కింద నడిపితే కొన్నిసార్లు 'యాక్టివ్, ఎగ్జిటెడ్' అని కనిపిస్తుంది. స్క్రిప్టు 0 ఇచ్చి ముగిసిందనే దానర్థం. డెమన్ సంగతి తేలాలంటే ప్రాసెస్‌ల జాబితా, తెరిచిన పోర్టులు, సిస్టమ్‌డీ లాగ్ అయిన జర్నల్ మూడూ చూడక తప్పదు.