ఆయుధం పట్టే హక్కు: మాట ఒకటి, అర్థాలు అనేకం

కామవరపుకోట పేరులోనే కోట వుంది. ఆ వూరికి కొద్ది దూరంలో, అదే మండలంలోని జీలకర్రగూడెం పక్కన గుంటుపల్లి గుహలున్నాయి. అవి ఆయుధం ముట్టని బౌద్ధ భిక్షువులు కొండను తొలిచి చేసుకున్న విహారాలు. కోటకూ విహారానికీ మధ్య వున్న ఆ వూళ్లో ఒక సాయంత్రం విద్యార్థులూ ఉపాధ్యాయులూ కలిసి కూర్చున్నప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. అమెరికా రాజ్యాంగంలో ఆయుధం పట్టే హక్కు వుంది, మన రాజ్యాంగంలో ఎందుకు లేదు?

వెంటనే రెండు జవాబులు వచ్చాయి. అమెరికా రాజ్యాంగం విప్లవంలోనుంచి పుట్టింది గనుక పాలకుడి మీద తిరగబడటానికి అది ప్రజల చేతికి తుపాకి ఇచ్చిందనీ, మన రాజ్యాంగకర్తలు ప్రజలకు భయపడ్డారనీ ఒక యువకుడు అన్నాడు. మనకు స్వాతంత్ర్యం అహింస వల్ల వచ్చింది గనుక అలాంటి హక్కు మన జాతీయోద్యమం ఎన్నడూ కోరలేదని ఒక పెద్ద అన్నారు. ఈ రెండు జవాబులూ మన చదువుకున్నవాళ్లలో బాగా ప్రచారంలో వున్నవే. రెండూ తప్పే. పైగా రెండు తప్పులకూ మూలం ఒక్కటే. మాటను మనుషుల నుంచి విడదీసి చదవటం.

ముందు మాట సంగతి చూద్దాం. మెట్ట ప్రాంతంలో ఒక రైతు అడవిపందుల బారినుంచి చేను కాపాడుకోవటానికి లైసెన్సు తీసుకుని తుపాకి పెట్టుకుంటే “అతను ఆయుధం పట్టాడు” అని తెలుగువాడెవడూ అనడు. 1922లో మన్యం ప్రజలు ఆయుధం పట్టారంటాం. 1946 తర్వాత తెలంగాణా రైతులు ఆయుధం పట్టారంటాం. మన భాషలో ఆయుధాన్ని “దగ్గర వుంచుకోవటం” వేరు, “పట్టటం” వేరు. మొదటిది ఒక మనిషి ఇంటి వ్యవహారం. రెండవది నలుగురూ కలిసి ఒక పక్షాన నిలబడటం. పద్ధెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషులో కూడా ఆ పలుకుబడికి ఎక్కువగా ఉన్న అర్థం ఇదే, సైన్యంలో నిలబడి యుద్ధం చేయటం.

1791లో అమెరికా రాజ్యాంగానికి చేరిన రెండవ సవరణ ఒకే ఒక వాక్యం. దాని మొదటి సగం క్రమశిక్షణ గల ప్రజాసేన స్వతంత్ర రాజ్యపు భద్రతకు అవసరమని చెబుతుంది. రెండవ సగం ప్రజల ఆయుధ హక్కును భంగపరచకూడదంటుంది. మొదటి సగం కారణం, రెండవది ఫలితం. కేంద్ర ప్రభుత్వపు స్థిరసైన్యాన్ని చూసి భయపడిన రాష్ట్రాలు తమ ప్రజాసేనలను కాపాడుకోవటానికి కోరిన హామీ ఇది. కాని 2008లో హెల్లర్ కేసులో ఆ దేశపు సుప్రీం కోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో, నలుగురు విభేదించగా, మొదటి సగాన్ని పీఠిక మాత్రమే అని పక్కన పెట్టింది. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకి వుంచుకోవటం వ్యక్తి హక్కు అన్నది. 2022లో బ్రుయెన్ కేసులో ఇంకొక అడుగు వేసి, తుపాకుల మీద ఏ ఆంక్షకైనా ఆ దేశపు పాత చరిత్రలో పోలిక చూపాలన్నది. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు మూలార్థం.

విమర్శకుడు న్యాయంగా వుండాలి. ఆ న్యాయమూర్తుల వాదన పూర్తిగా గాలిలో నిలబడ్డది కాదు. 1776 నాటి పెన్సిల్వేనియా హక్కుల ప్రకటన ఆయుధాలను రాజ్య రక్షణకే గాక ప్రజల ఆత్మరక్షణకు కూడా చెప్పింది. అందుచేత “వ్యక్తి హక్కా, ప్రజాసేన హక్కా” అనే తగవును నిఘంటువుతో తేల్చటం కష్టం. తేల్చగలిగిన ప్రశ్న వేరే వుంది. ఆ వాక్యంలోని “ప్రజలు” ఎవరు?

దక్షిణాది రాష్ట్రాలలో బానిసలుగా వున్న నల్లవారికి తుపాకి నిషిద్ధం. అక్కడి ప్రజాసేన చేసిన ముఖ్యమైన పనులలో పారిపోయిన బానిసలను పట్టి తేవటం ఒకటి. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం స్వేచ్ఛ పొందిన నల్లవారు లైసెన్సు లేకుండా తుపాకి వుంచుకోరాదని చట్టం చేసింది. ఇంకా వెనక్కి వెళితే 1689 నాటి ఇంగ్లండు హక్కుల చట్టం కనిపిస్తుంది. అది ఆయుధ హక్కును ప్రొటెస్టెంట్లకు మాత్రమే ఇచ్చింది, అదీ వారివారి అంతస్తుకు తగినట్టు, చట్టం ఒప్పుకున్నంత మేరకు. మతం, అంతస్తు, చట్టం అనే మూడు తాళాలు ఆ హక్కు పుట్టుకలోనే వున్నాయి. అమెరికా సవరణలో ప్రజావిప్లవాన్ని చూసే మన యువకుడు తెల్ల భూస్వామి తుపాకిని పేదవాడి తుపాకి అని పొరబడుతున్నాడు.

ఇక మన సంగతి. 1878లో లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టం చేసింది. లైసెన్సు లేకుండా భారతీయుడు ఆయుధం వుంచుకోకూడదు. యూరోపియన్లకు మాత్రం నిబంధనల ద్వారా మినహాయింపు దొరికింది. ఇక్కడ అసలు విషయం తుపాకి కాదు, తోలు రంగు. 1887లో మద్రాసులో జరిగిన మహాసభలోనే కాంగ్రెసు ఈ చట్టం మీద తీర్మానం చేసింది. 1928 నెహ్రూ నివేదికలో, నిబంధనలకు లోబడి, ఆయుధం వుంచుకునే హక్కు పౌరుల ప్రాథమిక హక్కుగా చేరింది. 1931 కరాచీ తీర్మానంలో అది మళ్లీ కనిపిస్తుంది. గాంధీ వున్న కాంగ్రెసు, అహింసను వ్రతంగా పట్టిన కాంగ్రెసు ఈ హక్కును కోరింది! పెద్దల జవాబు ఇక్కడ కూలిపోతుంది.

కాని ఆ కోరికకు మూలార్థం ఏమిటి? ప్రతి ఇంటికీ ఒక తుపాకి అని కాదు. కరాచీ తీర్మానంలో ఈ హక్కు పక్కనే ఏమున్నాయో చూడండి. కార్మికుడికి బతకటానికి చాలే కూలి, రైతుకు శిస్తు తగ్గింపు, చట్టం ముందు సమానత్వం. ఆ వరుసలో పెట్టి చదివితే ఆయుధ హక్కు అంటే “ఈ దేశంలో మమ్మల్ని మాత్రమే నిరాయుధులను చేసే చట్టం వుండకూడదు” అని. అది తుపాకి కోసం కాదు, సమానత్వం కోసం వేసిన కేక.

తొమ్మిదేళ్ల ముందే ఆ అర్థాన్ని మన గోదావరి గట్టువాడు క్రియలో చూపాడు. అల్లూరి సీతారామరాజు పూర్వీకుల వూరు భీమవరం ప్రాంతపు మోగల్లు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో ఆయన దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడి చేసి తుపాకులూ తూటాలూ పట్టుకుపోయింది. అడవి మీద ఆంక్షలు, రోడ్డు పనులలో వెట్టి, వాటిని అమలుచేసే అధికారుల జులుం ఆ తిరుగుబాటుకు కారణాలు. మన్యం మనిషికి చట్టం విల్లంబులే మిగిల్చింది, తుపాకి స్టేషనులోనే వుంది. కాబట్టి స్టేషనుకే వెళ్లాల్సి వచ్చింది. తీసుకున్న ఆయుధాల లెక్కను ఆయన స్టేషను పుస్తకంలో రాసి సంతకం చేసి వెళ్లటంలో దొంగకూ తిరుగుబాటుదారుకూ గల తేడా అంతా వుంది.

1948 డిసెంబరు మొదటి రోజులలో రాజ్యాంగ సభ స్వేచ్ఛల అధికరణను చర్చించింది. కరాచీ తీర్మానాన్ని గుర్తుచేస్తూ హెచ్. వి. కామత్ ఆయుధ హక్కును చేర్చాలని సవరణ పెట్టాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. విదేశీ ప్రభుత్వం నిరాకరించింది గనుక ఆనాడు ఆ తీర్మానం చేశామనీ, ఆ పరిస్థితి ఇప్పుడు పోయిందనీ అన్నాడు. ఎవరికి పడితే వారికి ఆయుధాలు దొరికితే రాజ్యం పాలన సాగించలేదన్నాడు. మరొక ముఖ్యమైన మాట కూడా అన్నాడు. వ్యక్తి ఆయుధం పట్టే హక్కును కాదు, పట్టే బాధ్యతను నొక్కి చెప్పాలనీ, యుద్ధంలోనూ తిరుగుబాటులోనూ రాజ్యం ప్రతి పౌరుడినీ పిలవగలగాలనీ అన్నాడు. గమనించండి, అమెరికా సవరణలోని ప్రజాసేన అర్థాన్ని అమెరికా న్యాయమూర్తుల కంటే అంబేద్కరే సరిగ్గా పట్టుకున్నాడు. సవరణ వీగిపోయింది.

ఆ రోజులను తెలుగు పాఠకుడు మరొక పుస్తకంతో కలిపి చదవాలి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను దేశ్‌ముఖ్ మనుషులు కాల్చి చంపారు. అప్పటికి సంఘం వాళ్ల చేతుల్లో వున్నవి కర్రలూ వడిసెలలూ. తుపాకి గడీలో వుంది. తర్వాత రజాకార్ల దాడుల మధ్య రైతుకూలీలు తుపాకి సంపాదించుకున్నారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. నిజాం లొంగిపోయిన తర్వాత అదే సైన్యం సంఘాల మీదికి తిరిగింది. ఢిల్లీలో ఆయుధ హక్కు వీగిపోతున్న రోజులలోనే నల్లగొండ, వరంగల్లు పల్లెలలో పేదవాడి ఆయుధం కోసం గాలింపు సాగుతున్నది. “తిరుగుబాటు” అనే మాటకు రాజ్యాంగ సభలో ఒక అర్థం, కడవెండిలో మరొక అర్థం. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు.

అయితే అంబేద్కర్ తప్పు చేశాడా? మన మిత్రులలో కొందరు అవునంటారు. నేను ఒప్పుకోను. ఆ హక్కును రాసివుంటే దాన్ని మొదట వాడుకునేవాడు ఎవడు? తుపాకి కొనగలవాడు, లైసెన్సు తెప్పించుకోగలవాడు. అమెరికా అనుభవం చెప్పేది అదే. అసమాన సమాజంలో ఆయుధ హక్కు అసమానంగానే పంచుకోబడుతుంది. అంటరానివాడి బతుకు ఎరిగిన అంబేద్కర్‌కు ఊరిలో కర్ర ఎవరి చేతిలో వుంటుందో ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ కర్ర గురించి చట్టం ఏమంటుందో చూడండి. 1878 చట్టం స్థానంలో వచ్చిన 1959 ఆయుధాల చట్టం, ఇంటి పనికీ సేద్యానికీ మాత్రమే ఉద్దేశించిన లాఠీ, చేతికర్ర వంటి వస్తువులను ఆయుధం అనే నిర్వచనం నుంచి తప్పించింది. కాగితం మీద అది సబబే. కాని 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడ్డ అగ్రకుల భూస్వాముల గుంపుకు ఏ తుపాకి లైసెన్సూ అవసరం కాలేదు. గొడ్డళ్లూ బరిసెలూ కర్రలూ చాలాయి. ఆరుగురు దళితులు చనిపోయారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మరో ఎనిమిది మంది. ఆయుధాన్ని ఆయుధంగా చేసేది ఇనుము కాదు, దాని వెనుక వున్న భూమీ కులమూ అధికారమూ.

ఈ అనుభవాల తర్వాత వచ్చిన ఒక చిన్న నిబంధనను మన రాజ్యాంగ పండితులు తగినంత పట్టించుకోలేదు. షెడ్యూల్డు కులాల, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దానికింద 1995లో చేసిన నియమాలలో మూడవది, అత్యాచారాలు జరగగల ప్రాంతాలను గుర్తించి అక్కడ ఆ కులాలకూ తెగలకూ చెందనివారి ఆయుధ లైసెన్సులను రద్దు చేయమంటుంది. అవసరమనుకుంటే ప్రాణరక్షణకూ ఆస్తిరక్షణకూ దళితులకూ గిరిజనులకూ లైసెన్సులు ఇవ్వమంటుంది. బలవంతుడి చేతినుంచి తీయటం, బలహీనుడికి అండగా నిలవటం. కరాచీ తీర్మానపు మూలార్థం ప్రాథమిక హక్కులలో దొరకదు. 1995 నాటి ఈ నియమంలో దొరుకుతుంది. కాని దాన్ని అమలు చేయవలసింది లైసెన్సులు ఇచ్చే ఆ కచేరీయే. హక్కుకూ అమలుకూ మధ్య ఆ బల్ల వుంది.

మన రాజ్యాంగం 19వ అధికరణలో శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే స్వేచ్ఛ ఇచ్చింది. ఆ “లేకుండా” అనే మాటను చాలామంది ప్రజల మీద పెట్టిన షరతుగా మాత్రమే చదువుతారు. అది రెండు పక్షాల ఒప్పందం. జనం ఖాళీ చేతులతో వస్తే వారిని కాపాడే పూచీ రాజ్యానిది. 2007 జూలై 28న ముదిగొండలో భూమి కోసం ఆందోళన చేసిన పేదలమీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు ఆ ఒప్పందాన్ని భంగపరచింది ఎవరో పాఠకులు ఆలోచించాలి.

కామవరపుకోట యువకుడికి నా జవాబు ఇది. మన రాజ్యాంగంలో లేని హక్కు కోసం అమెరికా వైపు చూడకు. అక్కడి మూలార్థం నీ పక్షాన లేదు. నీ తాతలు కోరినది తుపాకి కాదు, తుపాకి ఒకే పక్షాన వుండకపోవటం. ఆ కోరిక ఇంకా తీరలేదు. ఆయుధ హక్కు గురించి ఎవరు మాట్లాడినా ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఎవరి చేతినుంచి తీసి, ఎవరి చేతిలో పెడుతున్నారు?