భ్రమరకీటన్యాయమును కందిరీగ స్త్రీయును

పురుగుల భయానకచిత్రములను విద్యావంతులలో పెక్కుమంది విమర్శకు యోగ్యములుగా నెంచరు. కొలది ధనముతో, కొలది దినములలో తీయబడి, చీమలను ఏనుగులంతగను మిడుతలను మేడలంతగను చూపి బాలురను బెదరించుటయే వాని పనియని వారి తలంపు. ఈ తలంపు పూర్తిగా అసత్యము కాదు. కాని అమెరికాదేశమున 1954 మొదలు 1959 వఱకు వెలువడిన యట్టి చిత్రములను కొన్నింటిని చూచిన పిమ్మట మాకు తోచినదేమనగా, వానిలో మిక్కిలి బీదదైన యొక చిత్రము తక్కినవానికంటె పెద్ద ప్రశ్నను చేపట్టినది. అది రోజర్ కార్మన్ నిర్మించి దర్శకత్వము వహించిన 'ది వాస్ప్ ఉమన్', అనగా కందిరీగ స్త్రీ (1959). ఆ ప్రశ్న స్త్రీల బ్రతుకునకు సంబంధించినది. కావుననే దానిని గూర్చి గృహస్థులు చదువు నీ పత్రికయందు వ్రాయుచున్నాము.

ముందుగా నీ జాతి చిత్రముల పుట్టుక కొంత చెప్పవలెను. 1945 జూలై 16వ తేదీన న్యూమెక్సికో యెడారిలో మొదటి అణుబాంబు పరీక్ష జరిగినది. మూడువారములు తిరుగునప్పటికి హిరోషిమా కాలినది. ఆ పరీక్షవలన ఎడారిచీమలు మార్పుచెంది మహాకాయములైనవను కల్పనతో 1954లో వార్నర్ బ్రదర్స్ వారు 'దెమ్!' అను చిత్రమును విడుదల చేసిరి. గార్డన్ డగ్లస్ దానికి దర్శకుడు. ఆ యేడే మార్చి 1వ తేదీన బికినీ దీవియందు జరిగిన పరీక్ష భస్మము జపానువారి చేపలపడవలోని 23 మందిపై రాలినది. అట్టి సంవత్సరమున జనులు వెండితెరమీది చీమలను చూచి వడకిరనగా, ఆ వడకు చీమలవలన మాత్రమే కలిగినదని మేము నమ్మము.

ఆ చిత్రమున నొక గుణము మాకెంతయు నచ్చినది. చీమలపుట్టలోనికి దిగవలసివచ్చినపుడు, వృద్ధశాస్త్రజ్ఞుని కూతురును, తానును కీటకశాస్త్రము నభ్యసించినదియు నగు పాట్రీషియా మెడ్‌ఫర్డ్, స్త్రీకిది తగదని యడ్డుపడిన యధికారి మాటను త్రోసిపుచ్చి, శాస్త్రము తెలిసినవారే దిగవలెనని తాను దిగును. ఆమె ధైర్యమును చిత్రము వింతగా చూపదు, ఎగతాళి చేయదు. కడపట చీమలు కాలిపోయినను, మొదటి బాంబువలన నివి పుట్టినయెడల తరువాత పేల్చినవానివలన నేమి పుట్టినదను ప్రశ్న మాత్రము సమాధానము లేక నిలిచియుండును. చిత్రము నా ప్రశ్నతో విడిచిపెట్టుట మంచి సాహసము.

ఇక నీ చిత్రముల శాస్త్రమెట్టిదని యడుగువారుందురు. మా తరగతిలోని బాలురు సైతము దీనిని ఖండింపగలరు. ఒక చీమను పొడవున పదిరెట్లు పెంచితిమేని, దాని బరువు వేయిరెట్లగును, కాలి అడ్డుకోత వైశాల్యము మాత్రము నూఱురెట్లే యగును; కావున నది తన కాళ్లమీద తాను నిలువలేదు. ఈ సంగతి గెలీలియో 1638 నాటి గ్రంథముననే యెముకలను గూర్చి నిరూపించెను. 1926లో నీ విషయముననే సరసమైన వ్యాసము వ్రాసిన జె.బి.యస్. హాల్డేన్ పండితుడు తరువాత భారతపౌరుడై 1964లో భువనేశ్వరమున మరణించెను. కీటకములకు ఊపిరితిత్తులు లేవు. సన్నని గొట్టములగుండ గాలి వాని దేహములోనికి వ్యాపించును. దేహము పెరిగినకొలది ఆ గాలి లోపలికి చాలదు. కిరణములవలన జీవులు మార్పుచెందుట నిజమే. ముల్లర్ 1927లో ఎక్సు కిరణములతో పండ్ల యీగలయందు దీనిని చూపి, 1946లో నోబెల్ బహుమానము పొందెను. ఐనను అట్టి మార్పులలో పెక్కు జీవికి హాని చేయునవియే గాని రాక్షసత్వము నిచ్చునవి కావు. మన తెలుగున 2012లో వచ్చిన 'ఈగ' చిత్రమున రాజమౌళి ఈగను ఈగయంతగనే యుంచి కథ నడపుట ఈ విషయమున తెలివైన పని. ఐనను శాస్త్రదోషము పట్టుకొని కథను కొట్టివేయుట మాకు సమ్మతము కాదు. పది తలల రావణుడు మెడ యెట్లు త్రిప్పెనని మనమెవరమును అడుగము.

కొట్టివేయవలసినది వేఱొకటి కలదు. 1957లో బెర్ట్ ఐ. గార్డన్ తీసిన 'బిగినింగ్ ఆఫ్ ది ఎండ్' అను చిత్రమున, కూరగాయలను పెద్దవిగా పెంచుటకై వ్యవసాయ పరిశోధనశాలలో కిరణములను ప్రయోగింతురు. ఆ పంటను తిన్న మిడుతలు రాక్షసములై షికాగో నగరముపై పడును. నిజమైన మిడుతలను నగరభవనముల ఛాయాపటములమీద నడిపించి దీనిని తీసిరి. ఒక్కొక్కచోట మిడుత గోడను విడిచి ఆకాశముమీద కాలుపెట్టును! అది మాకు నవ్వు పుట్టించినది, కాని మా యాక్షేపణ దానిమీద కాదు. ఆకలి తీర్చుటకై చేసిన యత్నము ఇట్టి కీడు తెచ్చెనే, దోషమెక్కడ యను ప్రశ్నను లేవనెత్తి, వెంటనే దానిని మఱచి, మిడుతలను మిషిగన్ సరస్సులో ముంచి చిత్రము చేతులు దులుపుకొనును. చేతిలో ధనము లేమి తప్పు కాదు. ప్రశ్న నడిగి పారిపోవుట తప్పు.

ఇప్పుడు మన కందిరీగ స్త్రీకి వత్తము. జానిస్ స్టార్లిన్ సౌందర్యసామగ్రి చేయు పెద్ద సంస్థను స్వయముగా స్థాపించి నడపుచున్నది. ఎన్నో యేండ్లు ఆ వస్తువుల ప్రకటనలయందు తన ముఖమునే వేయించెను. ఇప్పుడామెకు వయస్సు మీఱినది, అమ్మకములు పడిపోవుచున్నవి. సభలో నామె కారణ మడుగగా, ఆమె క్రింద పనిచేయు నొక యువకుడు, ప్రజలు నమ్మినది మీ ముఖమును, అది ప్రకటనలనుండి తొలగినది గనుక నమ్మకమును తొలగినదని యామె యెదుటనే చెప్పును. రాణికందిరీగల రాయల్ జెల్లీనుండి యౌవనము నిచ్చు పదార్థమును తీసితినను జింత్రాప్ అను పరిశోధకునకామె యాశ్రయ మిచ్చును, తానే పరీక్షకు దేహ మొప్పగించును. (రాయల్ జెల్లీ తేనెటీగలు చేయునదే గాని కందిరీగలు చేయునది కాదు. ఇదియు నొక శాస్త్రదోషమే.) ఫలము మెల్లగా వచ్చుచున్నదని యామె రహస్యముగా మోతాదు పెంచుకొనును. ఆ మందు తీసికొన్న పిల్లి క్రూరజంతువగుట చూచిన జింత్రాప్, హెచ్చరింపకమునుపే బండిక్రింద పడి గాయపడును. ఆమెకు యౌవనము వచ్చును. దానితోపాటు కందిరీగ తలయు వచ్చును. తన సంస్థలోనివారినే యొకరివెంట నొకరిని చంపును.

ముసలితనము వదలించుకొనుట మన పురాణములకు క్రొత్త కాదు. శుక్రుని శాపమున ముదిమి పొందిన యయాతి, కొడుకుల నొక్కొక్కరిని యౌవనము వేడి, పూరునినుండి దానిని గైకొనెను. యయాతి వేడినది భోగమునకై. జానిస్ వేడినది పనికై. ఆమె ప్రియునికొఱకు యౌవనము కోరలేదు. తాను నిర్మించిన సంస్థ తన గడుసుదనముచేత గాక తన చర్మముచేత నిలిచియున్నదని పదిమంది తేల్చినందున కోరినది. అట్టి సంస్థకు పురుషు డధిపతియైనచో, అతని నెరసిన జుట్టు అనుభవమునకు గుర్తనియుందురు. ఈ భేదమును చిత్రము ఉపన్యాసముగా చెప్పదు. సభాదృశ్యమున ఆ యువకుడు మాటలాడుచుండగా వినుచున్న సూసన్ కాబట్ ముఖమున మనమే దానిని చదువుకొందుము. ఈమెకిదియే కడపటి చిత్రము.

భ్రమరకీటన్యాయము మనవారికి తెలియనిది కాదు. కందిరీగ గూటిలో చిక్కిన పురుగు భయముచేత దానినే తలచి తలచి తుదకు తానును కందిరీగ యగునని వేదాంతులు దృష్టాంతము చెప్పుదురు. కీటకశాస్త్రము దీనిని మఱియొక విధముగా చెప్పును. తల్లికందిరీగ పురుగును కుట్టి కదలకుండజేసి, గూటిలో నుంచి, గ్రుడ్డు పెట్టి మూసివేయును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి, రెక్కలతో బయటికి వచ్చును. పురుగు కందిరీగ కాలేదు, కందిరీగకు ఆహారమైనది. జానిస్ కథకు వేదాంతుల దృష్టాంతముకంటె ఈ రెండవ వివరణమే సరిగా నతుకును. ఆమె తన ప్రకటనలోని ముఖమును తలచి తలచి ఆ ముఖమే యైనదని చిత్రము మొదట మనల నమ్మించును. పిదప, ఆ ముఖము లోపల కూర్చుండి యామెను తినుచున్నదని తెలియును.

వేషము మాట చెప్పవలసినచో, అది మిక్కిలి దీనమైనది. ప్రకటనపటమున స్త్రీ తల గల మహాకందిరీగ యొక పురుషుని పట్టుకొనియుండును. చిత్రమున మాత్రము కందిరీగ ముసుగు తొడుగుకొన్న స్త్రీయే యున్నది. పటమును చూచి సొమ్మిచ్చినవారు మోసపోయిరనుటలో సందేహము లేదు. అలంకారశాస్త్రమున బీభత్సమునకు క్రిములను విభావముగా భరతుడు చెప్పెను. ఇచ్చట క్రిమివలన రసము పుట్టదు. రసము పుట్టుట సభాదృశ్యమున, భయానకరసమే, మనుష్యులవలన. ముసుగు వచ్చిన తరువాత అది తగ్గిపోవుచున్నది. కార్మన్ మఱి వేయి డాలర్లు వెచ్చించి మంచి ముసుగు చేయించినను మా యీ యభిప్రాయము మాఱెడిది కాదు.

మా పెద్ద యాక్షేపణ ముగింపును గూర్చినది. జింత్రాప్ కందిరీగ ముఖముపై ఆమ్లము విసరును, వేఱొకడు కుర్చీతో నామెను కిటికీనుండి క్రిందికి త్రోయును, కథ అయిపోవును. ఎవరి ముఖము వయస్సు పైబడినదని సంస్థ యంతయు కలతపడెనో, ఆ ముఖమునే ఆమ్లమున కాల్చుట చిత్రకర్తకు కేవలము రాక్షసవధగా తోచినది. మన దేశమున స్త్రీల ముఖములపై ఆమ్లము పోయు దుర్మార్గమునకు 2013లో చట్టము ప్రత్యేకశిక్షను విధింపవలసివచ్చినది. ఆ యవస్థ నెఱిగిన మనము ఈ దృశ్యమును కేవలవినోదముగా చూడజాలము. 1959లో అమెరికాలో నీ భావము లేకపోవచ్చును. ఐనను, అంతవఱకు జాలితో చూపిన స్త్రీని కడపటి నిమిషములలో పురుగుగా లెక్కించి పాఱవేయుట ఏ దేశముననైనను అన్యాయమే. 'దెమ్!' చిత్రము ఒక ప్రశ్ననైనను పలికించినది. ఇచ్చట నెవ్వరును నోరు మెదపరు. ఆమె పడిపోయిన తరువాత ఆ సంస్థ యేమయ్యెనో, ప్రకటనలయందు మఱియే యువతి ముఖమును వేసిరో, ఆమె కెన్నియేండ్ల గడువిచ్చిరో చిత్రము చూపదు.