పొరల్లో కూర్చిన ఫోటో

ఊళ్లలో ఫోటో స్టూడియోలవాళ్లకు బాగా అలవాటైన కోరిక ఒకటుంది. “అమ్మానాన్నా కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదండీ, ఇద్దర్నీ పక్కపక్కన పెట్టివ్వండి.” తండ్రిది స్టూడియోలో తీయించుకున్న పాస్‌పోర్టు ఫోటో. తల్లిది ఎవరి పెళ్లిలోనో ఎండలో నిలబడి దిగిన గుంపు ఫోటో. రెండూ ఒక్క ఫ్రేములో ఒదగాలి.

ఈ విద్య కంప్యూటరుకన్నా చాలా పాతది. 1850లలో ఫోటోలు తీయడానికి వాడిన కొలోడియన్ ప్లేట్లు నీలి కాంతికి మరీ ఎక్కువగా స్పందించేవి. సముద్రం సరిగ్గా పడేలా తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోయేది. అందుకే ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే కొన్ని చిత్రాలకు ఆకాశానికొక నెగటివ్, నీటికొక నెగటివ్ వాడి, రెండూ కలిసే గీత దగ్గర అతుకు కనబడకుండా ప్రింటు వేశాడు. 1857లో ఇంగ్లండ్‌లో ఆస్కార్ రైలాండర్ 30కి పైగా నెగటివ్‌లతో ‘టూ వేస్ ఆఫ్ లైఫ్’ కూర్చాడు. ఒక్కో నెగటివ్‌కు వెలుగు చూపుతున్నంతసేపూ మిగతా కాగితాన్ని కప్పి ఉంచాలి. విక్టోరియా రాణి ఆ చిత్రం ప్రతి ఒకటి కొన్నది.

కంప్యూటరులో ఇదే పనికి ఫోటోషాప్ 1990లోనే వచ్చింది కానీ, లేయర్లు, అంటే పొరలు, 1994లో మూడో వెర్షన్‌తో చేరాయి. అసలు మలుపు అదే. అంతకుముందు ఒక బొమ్మను ఇంకోదానిపై అతికించి వదిలేస్తే కింది భాగం పోయినట్టే. లేయర్లలో తండ్రి, తల్లి, వెనక తెర, నీడ దేనికదే విడిగా ఉంటాయి.

వీటిలో చేయి తిరగాల్సింది మాస్క్ మీద. అనుభవం లేనివాళ్లు ఎరేజరు పట్టుకుంటారు. చెరిపిన జుట్టు తిరిగి రాదు. మాస్క్ దేన్నీ చెరపదు: తెలుపు పూసినచోట బొమ్మ కనబడుతుంది, నలుపు పూసినచోట దాగుతుంది, బూడిదరంగు పూసినచోట సగం సగం. చెవి పక్కన ఎగిరే వెంట్రుకల దగ్గర సన్నని మెత్తటి బ్రష్‌తో ఓపిగ్గా కూర్చున్నవాడే పనివాడు.

అంత చక్కగా కత్తిరించినా వెలుగు కుదరకపోతే ఇద్దరూ రెండు లోకాల మనుషుల్లా ఉంటారు. తల్లి ముఖంపై ఎండ ఎడమనుంచి పడితే, తండ్రి ముఖానికీ ఎడమవైపు కర్వ్స్ లేయరుతో కాస్త వెలుగు పెంచి, కుడివైపు తగ్గించాలి. నీడను, కిందున్నదాన్ని ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో వేరే లేయరుపై వేయాలి. భుజానికి భుజం ఆనేచోట అది ముదురుగా, దూరం జరిగేకొద్దీ మెత్తగా ఉండాలి. చివరికి రెండిట్లో పాత ఫోటోలోని గరుకుదనం కొత్తదానికీ అద్దాలి. చాలామంది వదిలేసేది ఈ చివరి పనినే.

ఇంటి గోడకు వరమైన ఈ నేర్పు వార్తాచిత్రంలో మోసమవుతుంది. 2003లో ఇరాక్ యుద్ధంలో క్షణాల తేడాతో తీసిన రెండు ఫోటోలను కలిపి ఒకటిగా పంపినందుకు లాస్ ఏంజెలిస్ టైమ్స్ తన ఫోటోగ్రాఫర్‌ను ఉద్యోగం నుంచి తొలగించింది. అతణ్ణి పట్టిచ్చింది ఫోటోలో ముందున్న సైనికుడు కాదు, వెనక గుంపులో రెండుసార్లు కనబడ్డ మనుషులు.