ఫ్రేము కింది అంచున దెయ్యం

1973 చివర్లో అమెరికాలో విడుదలైన ‘ది ఎగ్జార్సిస్ట్’ కాసుల వర్షం కురిపించాక ఇటలీ నిర్మాతలు చేతులు ముడుచుకు కూర్చోలేదు. మరుసటి ఏడాదే ఓవిడియో అసోనిటిస్ ‘కి సేయ్?’, అల్బెర్టో దె మార్తీనో ‘లాంతిక్రిస్తో’, మారియో గారియాజ్జో ‘లొస్సెస్సా’ తెరకెక్కించారు. దెయ్యం పట్టిన యువతి, ఆమె మంచం, ఆ ఇంట్లో అయినవాళ్ల హడలు... సరుకు చాలావరకు అరువుదే. ‘కి సేయ్?’ మీద వార్నర్ బ్రదర్స్ కోర్టుకు కూడా వెళ్లింది. కొత్త కథ కోసం చూసేవారికి ఈ సినిమాల్లో దొరికేది తక్కువే. తక్కువ డబ్బుతో ఒక భయాన్ని ఎలా కడతారో తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం ఇవి మంచి పాఠాలు.

ముందు గొంతు సంగతి చెప్పాలి. అప్పటి ఇటలీలో షూటింగ్ స్పాట్‌లో శబ్దం రికార్డు చేయడం అరుదు. మాటలన్నీ తర్వాత డబ్బింగ్ థియేటర్లో పడేవి. నటి తెర మీద పెదవులు కదిపితే చాలు, గొంతు ఎవరిదైనా కావచ్చు. సన్నని ముఖం లోంచి బొంగురు గొంతు రావడం దెయ్యం కథకు ప్రాణం. మామూలుగా చేసే పనిలోనే అది ఇమిడిపోయింది, దానికని వేరే ఖర్చు లేదు.

బొమ్మకు ఆ వెసులుబాటు లేదు. ‘లాంతిక్రిస్తో’లో కార్లా గ్రవీనా గాలిలోకి లేచే దృశ్యంలో మనిషిని, వెనక దృశ్యాన్ని విడివిడిగా తీసి కలిపారు. అతుకు కనిపిస్తుంది. ఎన్నియో మొరికోనె, బ్రూనో నికొలాయ్ సంగీతం ఆ లోటును కొంత కప్పింది. ల్యాబులో బొమ్మలు అతకడానికి డబ్బు కావాలి. అది లేనివాడు లెన్సు ముందే మాయ చేయాలి. ఆ విద్యలో నా దృష్టిలో మారియో బావాకు సాటి లేరు.

బావా 1914లో సాన్‌రేమోలో పుట్టాడు. తండ్రి యూజీనియో శిల్పి, మూకీల నాటి కెమెరామన్. కొడుకు కూడా ఏళ్ల తరబడి కెమెరా వెనకే పనిచేసి ఆ తర్వాత దర్శకుడయ్యాడు. 1957 నాటి ‘ఇ వాంపీరి’కి అతనే కెమెరామన్. దర్శకుడు రికార్డో ఫ్రెడా మధ్యలో వదిలేసి వెళ్తే సినిమా పూర్తి చేసిందీ అతనే. అందులో జియాన్నా మరియా కనాలె ముఖం కట్ లేకుండా మన కళ్ల ముందే ముసలిదైపోతుంది. ముడతలను ముందే ఎర్రరంగుతో గీసి ఉంచుతారు. ఎర్రటి కాంతిలో ఆ గీతా చర్మమూ వెలుగును దాదాపు ఒకేలా తిప్పికొడతాయి కాబట్టి నలుపు తెలుపు ఫిల్ముకు తేడా తెలియదు, ముఖం నున్నగా కనిపిస్తుంది. ఆ కాంతిని తగ్గిస్తూ నీలం, ఆకుపచ్చల వైపు మారిస్తే ఎర్ర గీత ఆ వెలుగును మింగేసి నల్లబడుతుంది. ఈ కిటుకు 1931 నాటి హాలీవుడ్ ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’లోనే ఉంది. వేళ తెలిసి వాడుకోవడం బావా నేర్పు.

రంగుల ఫిల్ముకు ఆ కిటుకు పనికిరాదు. మారే వెలుగు రంగే గుట్టు బయటపెడుతుంది. 70ల బావా వేరే దారులు వెతకవలసి వచ్చింది.

ఈలోగా ఎగ్జార్సిస్ట్ గాలి అతనికీ తగిలింది. 1973లో కాన్స్‌లో చూపించిన ‘లీసా ఎ ఇల్ దియావొలో’ను కొనేవారు కరువయ్యారు. నిర్మాత ఆల్‌ఫ్రెడో లియోనె లీసా వేసిన ఎల్కే సొమ్మర్‌ను మళ్లీ పిలిపించి, రాబర్ట్ ఆల్డాకు పాదిరీ వేషం వేసి, భూతవైద్యం సన్నివేశాలు తీయించి 1975లో ‘లా కాసా దెల్లెసొర్చీజ్మొ’గా వదిలాడు. లీసా వీధిలో పడిపోతుంది, శరీరం ఆస్పత్రిలో గింజుకుంటూ ఉంటుంది, పాత సినిమా ఆమె మరో రూపం తిరిగే లోకమవుతుంది. అతుకు తెలివైనదే. కానీ అతికించిన బట్ట అసలు బట్టకు తగలేదు, మూలంలోని కలలాంటి నడక ముక్కలైపోయింది.

బావా అసలు జవాబు 1977 నాటి ‘షాక్’. ఇందులో పాదిరీ లేడు. దోరా (దారియా నికొలోది) కొడుకు మార్కోతో, రెండో భర్తతో పాత ఇంటికి తిరిగొస్తుంది. చనిపోయిన మొదటి భర్త పిల్లవాడిని ఆవహిస్తాడు. మార్కో వేసిన డేవిడ్ కాలిన్ జూనియర్ ‘కి సేయ్?’లోని పిల్లవాడే. అమెరికాలో ఈ సినిమాను దానికి రెండో భాగమన్నట్టు పేరు మార్చి అమ్మారు.

ఇందులో ఒక నడవా షాట్ ఉంది. నడవా చివర మార్కో కనిపిస్తాడు. తల్లి వైపు పరుగెత్తుకొస్తాడు. దగ్గరికొచ్చి చేతుల్లో వాలబోయే క్షణంలో అతని చోట చచ్చిన భర్త ముఖం లేస్తుంది. కట్ లేదు, ఒకదాని మీద ఒకటి ముద్రించిన బొమ్మ కాదు. పెద్దమనిషి ఎత్తున నిలిపిన కెమెరాకు దూరాన ఉన్న పిల్లవాడు నిండుగా కనిపిస్తాడు. దగ్గరయ్యే కొద్దీ పొట్టిగా ఉన్నవాడి తల ఫ్రేములో కిందికి జారడం సహజం, కాబట్టి మన కన్ను దాన్ని అనుమానించదు. ఆ జారుడులోనే పిల్లవాడు వంగి కింది అంచు దాటుతాడు. అక్కడ పొంచి ఉన్న నటుడు అదే ఊపులో పైకి లేస్తాడు. పరుగు వేగం అతని లేవడంలో కొనసాగుతుంది. రెండు శరీరాలు, ఒకే కదలిక. ఒక్క లిప్త తేడా వస్తే షాట్ వృథా. ఖర్చు మాత్రం శూన్యం.

మరో షాట్‌లో మంచం మీద పడుకున్న దోరా జుట్టు తనంతట తానే అటూ ఇటూ పాకుతుంది. మంచాన్నీ కెమెరానూ ఒకటిగా బిగించి తిప్పారు. రెండూ కలిసి తిరగడంతో ఫ్రేములో మంచం కదలనట్టే ఉంటుంది. కిందికి వేలాడాలన్న భూమి ఆకర్షణకు లోబడేది జుట్టు ఒక్కటే. తీగ లేదు, గాలి లేదు.

‘షాక్’ దొరికితే నడవా షాట్‌ను మొదటిసారి ఎక్కడా ఆపకుండా చూడండి. రెండోసారి పిల్లవాడిని వదిలేసి ఫ్రేము కింది అంచు మీదే చూపు నిలపండి.