ఎర్ర తోకచుక్క: ముఖమున్న శత్రువు, ముఖంలేని సైనికులు

1979 ఏప్రిల్ నుంచి 1980 జనవరి వరకు జపాన్ టెలివిజన్‌లో 43 భాగాలుగా ప్రసారమైన 'మొబైల్ సూట్ గండమ్' బొమ్మల కథను పిల్లల కాలక్షేపమని కొట్టిపారేయడానికి వీల్లేదు. దర్శకుడు యోషియుకి తొమినో యుద్ధాన్ని మంచికీ చెడుకూ మధ్య పోరుగా చూపలేదు. భూమి మీద పాలకులు, అంతరిక్ష కాలనీలకు తరలించబడిన జనం - ఈ వైరుధ్యంలోనే యుద్ధానికి మూలం ఉంది. స్వాతంత్ర్యం పేరిట తలెత్తిన జియోన్‌ను జాబీ వంశం చేజిక్కించుకుంటుంది. ఆ వంశంలోని గిరెన్‌ను కన్నతండ్రే హిట్లర్‌తో పోలుస్తాడు. ఈ యుద్ధంలో మానవజాతిలో సగం నశిస్తుంది.

అయినా ప్రేక్షకుల మనసుల్లో నిలిచింది ఆ సగం కాదు. 'ఎర్ర తోకచుక్క' షార్ అజ్నబుల్. ఒక్క పోరులో ఐదు యుద్ధనౌకలను కూల్చినవాడు. అతని ఎర్ర యంత్రం మామూలువాటికి మూడు రెట్లు వేగంతో వస్తోందన్న కబురుకే శత్రునౌక వణికిపోతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఎర్ర విమానం నడిపిన జర్మన్ రిచ్‌తోఫెన్ ఇక్కడ గుర్తుకు రాకమానడు. 80 విమానాలు కూల్చి, 1918లో 25వ ఏట కూలిపోయాడు. కందకాల్లో లక్షలాది మంది పేరులేకుండా చస్తున్నప్పుడు, ప్రభుత్వాలకు పేరున్న వీరుడొకడు కావలసివచ్చాడు. ఒక్కడి మెరుపు లక్షల శవాలను కప్పిపెడుతుంది.

శత్రువుకు మానవత్వం ఇచ్చాడు కాబట్టి తొమినో అభ్యుదయవాది అని కొందరనవచ్చు. కాదనను. కాని ఆ మానవత్వం ఎవరికి దక్కిందన్నదే నా ప్రశ్న. షార్ జియోన్ ఉద్యమ స్థాపకుని కొడుకు. మారుపేరుతో జాబీల సైన్యంలో చేరి, స్నేహితుడుగా నమ్మిన గార్మాను చావుకు పంపుతాడు. చివరి భాగంలో కిసీలియాను స్వయంగా చంపుతాడు. ఇది వంశాల పగ. ఇందులో కాలనీ జనానికి చోటెక్కడ? నుదుట బొట్టున్న లాలా అనే అమ్మాయి అతీంద్రియ శక్తిని అతడు యుద్ధానికి ఆయుధంగా మలుస్తాడు. ఆమె అతణ్ణి కాపాడబోయి చనిపోతుంది.

పగకు సిద్ధాంతం తోడైతే ఏమవుతుందో తొమినోయే 1988 నాటి చిత్రంలో చూపాడు. నాయకుడైన షార్, భూమిని నివాసయోగ్యం కాకుండా చేయడానికి గ్రహశకలాన్ని దాని మీద పడవేయబూనుతాడు. ఒకనాడు జాబీలు భూమి మీద కాలనీని పడవేశారు. వంశం మారింది, నేరం మారలేదు. ప్రజలు లేని ప్రతీకారానికి ఇది తార్కికమైన ముగింపు.

అందుకే ఈ ధారావాహికలో నేను గొప్పదనుకునేది 14వ భాగం. అక్కడ ఎర్ర రంగు లేదు. కొందరు మామూలు జియోన్ సైనికులు గండమ్‌కు టైంబాంబులు అమర్చి దూరంగా దాక్కుంటారు. అమురో అనే కుర్రవాడు ఒక్కడే, ప్రాణాలకు తెగించి, వాటిని ఒక్కొక్కటే తీసివేస్తాడు. ఓడినవాళ్లు ఊరివాళ్లలాగా అతని ఎదుటికి వచ్చి, ఆ ముఖం చూసి, క్షేమం కోరి వెళ్లిపోతారు. యుద్ధం తమది కాదన్న ఎరుక అక్కడ క్షణంపాటు మెరుస్తుంది.

వైజ్ఞానిక కథ రాయదలచిన మన రచయితలు తీసుకోవలసింది ఇదే. శత్రువుకు ముఖం ఇవ్వాలి, నిజమే. కాని ముందుగా ఇవ్వవలసింది ముసుగు వేసుకున్న రాకుమారుడికి కాదు, ఆ బాంబులు మోసిన సైనికుడికి.