ధిక్కారం ఎవరి మీద?

ధిక్కార గీతమనగానే మన విద్యార్థులకు రాక్ గిటారు గుర్తుకు వస్తుంది. తప్పు లేదు. వియత్నాం యుద్ధం సాగుతుండగా 1969లో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందం పాడిన ‘ఫార్చునేట్ సన్’నే తీసుకుందాం. యుద్ధానికి పోయేదెవరి కొడుకో, ఇంటిపట్టున ఉండేదెవరి కొడుకో ఆ పాట తేల్చి చెప్పింది. దాని బలం గిటారు హోరులో లేదు, ఆ తేల్చి చెప్పడంలో ఉంది. అదే హోరుతో ‘నేనెవరి మాటా వినను’ అని అరచి ఊరుకునే పాటలు కోకొల్లలు. ఎవరి మాట వినడో చెప్పని ధిక్కారానికి ఏ అధికారమూ నిద్ర పాడుచేసుకోదు.

ఈ కొలతతోనే మన బొగ్గుబాయి పాటనూ కొలవాలి. గోదావరిఖనికి ఆ పాట పల్లె నుంచి వచ్చింది. 1972లో పుట్టిన జననాట్యమండలి, గద్దర్ గొంగడీ గజ్జెలూ, గూడ అంజయ్య ‘ఊరు మనదిరా’ - వీటన్నిటి వెనుక ఉన్నది గడీ, వెట్టి, దొర. బాయి దిగినవాడూ ఆ పల్లెల నుంచి వచ్చినవాడే. దొర పేరెత్తడానికే జంకిన నోళ్లకు ఈ పాటలు నిలదీసే గొంతునిచ్చాయి. ఇది చిన్న విజయం కాదు.

కాని బాయిలో దొర ఎవడు? సింగరేణిలో వాటాలు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. ఇక్కడి అధికారం గుర్రమెక్కి రాదు. మస్టరులో, సర్క్యులరులో, జీతపు చీటీలో కూర్చుని ఉంటుంది. 1981లో కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. తగవు దేని మీద? నోటీసు లేకుండా ఒక్కరోజు పని ఆపితే ఎనిమిది రోజుల జీతం కోయవచ్చునన్న, వేతనాల చెల్లింపు చట్టంలోని నిబంధన మీద. సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టుక ఆ పోరాటంతో ముడిపడినదే. ఒకటికి ఎనిమిది! ఇంత పచ్చి లెక్కను దొర మీద కట్టిన బాణీ ఎలా మోస్తుంది? మన కవులు చాలాసార్లు సులువైన దారి పట్టారు: ‘దొర’ ఉన్నచోట ‘మేనేజరు’ను కూర్చోబెట్టారు. మేనేజరు బదిలీ అయిపోతాడు, నిబంధన ఉండిపోతుంది.

లెక్క పాటకు లొంగదనేవారు ‘సిక్స్‌టీన్ టన్స్’ వినాలి. రాక్ పాట కాదది. గని కార్మికుడి కొడుకైన మెర్ల్ ట్రావిస్ 1946లో రికార్డు చేసినది, 1955లో టెన్నెసీ ఎర్నీ ఫోర్డ్ గొంతులో అమెరికా అంతటా మోగినది. టన్నుల లెక్క, కంపెనీ దుకాణంలో అప్పు లెక్క - ఈ రెండే దాని వస్తువు. తిట్టు లేదు, ఎర్రజెండా లేదు. అయినా వినేవాడికి దోపిడీ ఎక్కడ జరుగుతున్నదో తెలిసిపోతుంది. మన కార్మికుడి నోట మస్టరు, నాగా, తట్టా చెమ్మస్ లయబద్ధంగా పలుకుతూనే ఉన్నాయి. వాటిని వదలి నెత్తురు, చెమట, ఉదయించే సూర్యుడు అంటూ పోవడం కవి బద్ధకమే.

ఒక్కచోట మాత్రం పాత పాట అక్షరం మార్చనక్కరలేకుండా తగులుతున్నది. రామగుండం చుట్టూ ఓపెన్‌కాస్టు గనులు పొలాలను, ఊళ్లను తవ్వుకుపోయాక ‘ఊరు మనదిరా’ అన్న మాట ఉపమానం కావడం మానేసింది. పోయిన ఊరివాళ్లు పాడితే అది దావా వేసినట్టే ఉంటుంది. అయితే గనుల్లో చెమటోడ్చేవారిలో ఎందరో కాంట్రాక్టు కూలీలు. 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్ల యజమాని కాంట్రాక్టరా, కంపెనీయా, ప్రభుత్వమా అన్న ప్రశ్న దగ్గర మన కవుల కలం ఇంకా పల్లవి దాటలేదు.